మూడుసార్లు అడిగేవాడు

ఆయన పోయారన్న సంగతి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో చూశాను. బాబును నిద్రపుచ్చి ఫోన్ తీస్తే కనిపించింది. గుండెపోటట. రహమత్ నగర్‌లో ఆయన ఉండే గదికి ఇంటి ఓనరు వచ్చి తలుపు కొడితే తియ్యలేదట. అంత్యక్రియలు కూడా అయిపోయాయి. ఆ వార్త కింద ఎవరో రాశారు: "పోర్టు మూసేశారు." దాని కింద పదకొండు నవ్వు బొమ్మలు. పన్నెండోది నాది. నొక్కిన తర్వాత తీసేశాను. తీసేసినా, నవ్వింది నేనే.

ఆయన పేరు రాయను. పేర్ల మీద ఆయనకు నమ్మకం లేదు.

మాది ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియో. షూటింగ్ పూర్తయిన సినిమా మా దగ్గరికి వచ్చి, ఎడిటింగు, రంగులు, శబ్దం అన్నీ చేయించుకుని థియేటర్‌కు వెళ్తుంది. విడుదల కాని సినిమాలు మా డిస్కుల్లో ఉంటాయి కాబట్టి గేటు దగ్గరే అందరి ఫోన్లూ లాకర్లో పెట్టిస్తారు. హీరో వచ్చినా పెట్టాల్సిందే. లోపల మిషన్లకు కాపలా ఆయన. నెట్‌వర్క్ విభాగానికి హెడ్. ఆ విభాగంలో ఆయన తర్వాత ఉన్నది నేనొక్కదాన్నే.

చేరిన రోజు ఆయన బల్ల ముందు నిలబడ్డాను. జామకాయ కోసుకుని, ఉప్పూ కారం అద్దుకుని తింటున్నారు. తల ఎత్తలేదు.

"ఎవరమ్మా నువ్వు?"

పేరు చెప్పాను.

"ఎవరమ్మా నువ్వు?" అదే గొంతు, అంతే చప్పుడు.

"కొత్త నెట్‌వర్క్ ఇంజినీర్ని సార్. ఇవాళే చేరాను."

"ఎవరమ్మా నువ్వు?"

నేను నవ్వాను. ఆయన కంప్యూటర్ వైపు తిరిగారు. నలభై నిమిషాలు అక్కడే నిలబెట్టారు. వచ్చేవాళ్లు, పోయేవాళ్లు నన్ను చూసి తమలో తాము నవ్వుకున్నారు. చివరికి జామకాయ గింజలు కాగితంలో చుట్టి పారేసి చెప్పారు.

"పేరు ఎవడైన చెప్తడు. ఎవరు పంపిండ్రు, దేనికొచ్చినవ్, ఎన్ని దినాలుంటవ్, గవి చెప్పాలె. స్విచ్ గూడ గట్లనే అడుగుతది. మూడుసార్లు అడుగుతది. జవాబు రాకుంటే నాలుగోసారి అడగది."

నేను కాలేజీలో రెండు సెమిస్టర్లు చదివిన పాఠం ఆయన మూడు ముక్కల్లో చెప్పేశారు. గోడలో ఉన్న సాకెట్లో ఎవరైనా కేబుల్ గుచ్చితే, ఆ కేబుల్ అవతలి కొసన స్విచ్ అనే పెట్టె ఉంటుంది. వచ్చింది ఏ మిషనో దానికి తెలియదు. నువ్వెవరని అడుగుతుంది. మిషన్ దగ్గర మేమిచ్చిన గుర్తింపు ఉంటే చూపిస్తుంది, లోపలికి పోతుంది. ప్రింటర్ల లాంటి మొద్దు మిషన్లకు జవాబు చెప్పడం రాదు. అప్పుడు స్విచ్ ఆ మిషన్ మీద కంపెనీవాళ్లు ముద్రించిన పన్నెండు అక్షరాల నంబరు చూసి, అది మా జాబితాలో ఉందేమో వెతుకుతుంది. ఉంటే సరే. లేకపోతే దాన్ని విడిగా ఒక మూలకు తోసేస్తుంది. ఆ మూల నుంచి సినిమాలూ కనిపించవు, బయటి ప్రపంచమూ కనిపించదు. ఒక్క పేజీ కనిపిస్తుంది: ఈ పరికరం మాకు తెలియదు, నెట్‌వర్క్ విభాగానికి ఫోన్ చేయండి. ఆ మూలను ఆయన వరండా అనేవారు.

"తెల్వనోడు దొంగ అని నేనంటలేను. తెల్వనోడు తెల్వనోడే. వరండల కూసోవాలె."

మనుషుల విషయంలోనూ ఇదే లెక్క. ఆయనకు తెలిసినవాళ్లంటూ ఎవరూ ఉన్నట్టు నాకు తోచలేదు. మా అందరినీ వరండాలోనే కూర్చోబెట్టారు.

ఆయన సీటు వెనక గోడకు ఒక పెద్ద మేకు ఉండేది. అనుమతి లేకుండా ఎవరైనా ఏదైనా తగిలిస్తే, వెళ్లి ఆ కేబుల్‌ను పిల్లాడి చెవి మెలిపెట్టినట్టు రెండు వేళ్లతో పట్టి లాగేవారు. చుట్ట చుట్టి, తప్పు చేసినవాడి పేరు చీటీ మీద రాసి అంటించి, ఆ మేకుకు తగిలించేవారు. ఏళ్ల తరబడి పడిన చుట్టలు. కొత్తగా చేరినవాళ్లను తీసుకెళ్లి మరీ చూపించేవారు.

సౌండ్ విభాగంలో ఒకతనికి నత్తి. రెండు మిషన్లకు ఒకటే సాకెట్ ఉందని ఇంటి నుంచి నాలుగు రంధ్రాల చిన్న పెట్టె తెచ్చి గుచ్చాడు. ఒక సాకెట్లో ఒక మిషనే ఉండాలి. రెండోది కనిపించగానే స్విచ్ ఆ సాకెట్‌నే చంపేసింది; పోర్టు మూసెయ్యడమంటే అదే. ఆయన అతన్ని టీ మిషన్ దగ్గరికి, జనం మధ్యకు పిలిపించారు. పెట్టె అడుగున ఉన్న నంబరు చదవమన్నారు. అదే శిక్ష, అందరికీ అదే. అతనికి రెండో అక్షరం దగ్గర నోరు పట్టేసింది.

"ఇంకోసారి. మొదటికెల్లి. గట్టిగ."

నాలుగుసార్లు చదివించారు. అతని మెడ మీద నరాలు లేచాయి. ఎవరో కిసుక్కుమన్నారు, ఇంక ఆగలేదు. నేనూ నవ్వాను. ఆయన మాత్రం నవ్వలేదు. ఆయన నవ్వగా నేనెప్పుడూ చూడలేదు. మేమంతా నవ్వేలా చేసేవారు, అంతే.

బాబు పుట్టాక ఆరు నెలల సెలవు తీసుకుని తిరిగొచ్చాను. నా బల్ల, నా కుర్చీ, నా లాప్‌టాప్ అలాగే ఉన్నాయి. ఆన్ చేస్తే వరండా పేజీ వచ్చింది. ఏదో పొరపాటనుకుని ఆయన దగ్గరికి వెళ్లాను.

"తొంభై దినాలు కనబడని మిషన్ తెల్వని మిషనే," అన్నారు. "ఎవరమ్మా నువ్వు?"

"సార్, నేను..."

"ఎవరమ్మా నువ్వు?"

బాబుకు పాలిచ్చి అయిదు గంటలైంది. కుర్తా తడుస్తోందని నాకు తెలుస్తోంది. చున్నీ ముందుకు లాక్కున్నాను. ఎడిటర్ గారు అక్కడే ఉన్నారు. మా స్టూడియోలో అందరికంటే పాతవారు, భీమవరం వైపు మనిషి. "అన్నా, మన అమ్మాయే కదన్నా, నీకు తెలీదా?" అన్నారు. ఆయన వినిపించుకోలేదు. మూడోసారి కూడా అడిగారు. ఎవరు పంపారో, దేనికొచ్చానో, ఎన్నాళ్లుంటానో గబగబా అప్పజెప్పి బాత్రూముకు పరిగెత్తాను. అక్కడ ఏడ్చాను. ఆ రోజు నుంచి ఆయన చావాలని కోరుకున్నానంటే అబద్ధం కాదు.

పాలు తీసుకోవడానికి చోటు కావాలని అడిగితే ఆఫీసులో ఎవరూ పట్టించుకోలేదు. నాలుగోనాడు ఆయనే ఒక తాళంచెవి నా బల్ల మీద పడేసి, "స్టోర్ రూం. పదకొండింటికి, మూడింటికి. ఇర్వై నిమిషాలు," అని పోయారు. పాత డిస్కుల అట్టపెట్టెలున్న గది. లోపలివైపు కొత్త గడియ బిగించి ఉంది. ఎవరు బిగించారో నేనడగలేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. బాబుకు మూడో నెలలో జ్వరం వచ్చి ఫిట్స్ వచ్చాయి. కళ్లు పైకి పోయి, ఒళ్లు కొయ్యలా అయింది. రెండు నిమిషాలే. ఆ రెండు నిమిషాలు ఇంకా నా ఒంట్లో అయిపోలేదు. ఉద్యోగానికి వచ్చేటప్పుడు బాబును ఆయమ్మ దగ్గర వదిలి వచ్చేదాన్ని. మా ఆయనది ఊళ్లు తిరిగే ఉద్యోగం. ఉయ్యాల పైన కెమెరా పెట్టించాం. కానీ ఫోన్ లాకర్లో ఉంటే ఆ కెమెరా ఎవరు చూడాలి? రిసెప్షన్‌కు ఫోన్ చేయమని ఆయమ్మకు చెప్పాను. బాబు గుక్కపట్టిన ఒక రోజు ఆమె చేస్తే, రిసెప్షన్ అమ్మాయి "మీటింగ్‌లో ఉన్నారు" అని పెట్టేసింది.

అప్పుడే స్టూడియోలో వాస్తు వచ్చింది. ఓనరు గారి సినిమా ఒకటి పోయింది. ఎడిటింగ్ గదులు నైరుతిలో ఉండటం వల్లేనని పంతులు గారు చెప్పారు. ఆదివారం కూలీలను పెట్టి మిషన్లన్నీ అవతలి గోడకు జరిపించారు. సోమవారం పొద్దున ఏ మిషన్ తెరిచినా వరండా పేజీ. మిషన్లు తెలిసినవే, కానీ ఒకదాని సాకెట్లో ఇంకొకటి ఉంది. మా స్విచ్‌లకు అది కూడా తెలియనిదాని కిందే లెక్క.

ఎడిటర్ గారు పరిగెత్తుకొచ్చారు. "అన్నా, సాయంత్రానికి ట్రైలర్ వెళ్లాలన్నా. దండం పెడతా."

"మిషన్లు జరిపిండ్రా?"

"జరిపారన్నా."

"నాకు చెప్పిండ్రా? పంతులుకు చెప్పిండ్రు. పో, పంతులునే తెరవమను."

మధ్యాహ్నం దాకా జామకాయలు కోసుకుంటూ కూర్చున్నారు. నలభై మంది చేతులు కట్టుకుని తిరిగారు. చివరికి ఓనరు గారే కిందికి దిగి వచ్చి ఆయన ముందు నిలబడ్డారు. అప్పుడు లేచారు. కానీ నలభై మిషన్లను ఒక్కొక్కటిగా మళ్లీ జాబితాలో ఎక్కించాలి, సాయంత్రంలోపు ఒక్క మనిషి వల్ల కాదు. జాబితాలో చేర్చే అధికారం ఆయన ఒక్కడిదే. ఏ మిషన్ ఎదురుగానైనా చేర్చినవాడి పేరు పడుతుంది, అడిగితే జవాబు ఆ పేరువాడే చెప్పాలి. అది ఆయన పెట్టిన నియమమే. ఆయన తన పాస్‌వర్డ్ కొట్టి, తన కుర్చీలోంచి లేచి, నన్ను కూర్చోమన్నారు.

"గీ ఒక్క దినం నా పేరు మీద కొట్టు. సాయంత్రం దాక."

నలభై మిషన్లు ఎక్కించాను. నలభై ఒకటోది మా ఇంట్లో మూలన పడున్న పాత టాబ్లెట్. దాని నంబరు నాకు నోటికి వచ్చు. దాన్ని ప్రింటర్ అని రాశాను. ప్రింటర్ జవాబు చెప్పకపోయినా, నంబరు జాబితాలో ఉంటే చాలు, స్విచ్ వదిలేస్తుంది. స్టోర్ రూంలో చచ్చిపోయి ఉన్న సాకెట్‌ను బతికించాను. ఇంటి కెమెరా దాకా దారి కూడా తెరిచాను. ఆయన అప్పుడు మెట్ల మీద ఎవరినో తిడుతున్నారు.

టాబ్లెట్‌ను పాలు తీసే పంపు సంచిలో పెట్టుకుని తెచ్చేదాన్ని. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్లు అన్ని సంచులూ విప్పేవారు, ఆ సంచి దగ్గర మాత్రం తల తిప్పుకునేవారు. పదకొండింటికి గడియ పెట్టుకుని, పంపు తగిలించుకుని, టాబ్లెట్‌కు చిన్న అడాప్టర్ పెట్టి కేబుల్ గుచ్చేదాన్ని. ఉయ్యాలలో బాబు కనిపించేవాడు. కాళ్లు ఆడించేవాడు. నిద్రపోతుంటే కడుపు లేస్తోందా లేదా అని చూసేదాన్ని. వాణ్ని చూస్తుంటే పాలు బాగా వచ్చేవి. మూడు నెలలు అలా గడిచాయి.

ఒక పొద్దున, ఇంకా విడుదల కాని సినిమాలోని ఒక సీను ఊరందరి ఫోన్లలో తిరిగింది. అది మా దగ్గరున్న సినిమా. ఓనరు గారు అందరినీ ప్రివ్యూ థియేటర్లో కూర్చోబెట్టారు. తెర ముందు నిలబడి ఆయన్ను అడిగారు: "మన బిల్డింగ్ లోంచి బయటికి మాట్లాడిన మిషన్ ఏదైనా ఉందా లేదా? సూటిగా చెప్పండి."

"ఒకటుంది. స్టోర్ రూంల ప్రింటర్. కానీ అది లోపలికి తీసుకుంది సార్, బయటికి పంపలే."

"ప్రింటరు బయటినుంచి ఏం తీసుకుంటుందయ్యా? దాన్ని ఎవరు పెట్టారు?"

జాబితా తెర మీద వేశారు. అంత పెద్ద తెర మీద, ప్రింటర్ అన్న మాట ఎదురుగా, ఆయన పేరు. హాల్లో గుసగుస మొదలైంది. ఆయన నా వైపు తిరిగారు. నేను మూడో వరసలో కూర్చున్నాను.

"స్టోర్ రూంల ప్రింటర్ ఎవరిదమ్మా?"

ఉద్యోగం పోతే బాబు మందులు, ఇంటి అద్దె, అవన్నీ తర్వాత గుర్తొచ్చాయి. అప్పుడు గుర్తొచ్చింది పోలీసులు. జైల్లో ఉన్న తల్లి పాలు ఎలా పంపిస్తుంది అని ఆలోచించాను. నిజంగా అదే ఆలోచించాను.

"స్టోర్ రూంల ప్రింటర్ ఎవరిదమ్మా?"

"అన్నా, ఆ అమ్మాయినెందుకు లాగుతావ్?" ఎడిటర్ గారు లేచి నిలబడ్డారు. "నీ పేరుంటే నువ్వు చెప్పు."

ఆయన ఎడిటర్ వైపు కూడా చూడకుండా అన్నారు: "పదకొండింటికి, మూడింటికి స్టోర్ రూంల ఎవరుంటరో అందరికి ఎర్కే. ఆమె పాలు పిండుకునే టైమది."

హాలంతా ఒక్కసారి లేచింది. "సిగ్గుందా నీకు?" అని ఆడవాళ్లలోంచి ఒకామె అరిచింది. ఎడిటర్ గారు ఆయన కాలర్ దాకా వెళ్లారు. నత్తి ఉన్నతను వెనక వరసలోంచి ఏదో బూతు తిట్టాడు, ఆ మాట దగ్గర మాత్రం తడబడలేదు. ఆయన చెప్పింది నిజం. చెప్పిన తీరు వల్ల ఆ నిజాన్ని ఎవరూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. భయంతో వచ్చిన ఏడుపే. కానీ అది నాకు ఎంత పనికొస్తుందో ఏడుస్తున్నప్పుడే తెలిసింది. ఇంకొంచెం ఏడ్చాను.

ఆ గోలలోనే మూడోసారి అడిగారు. అదే గొంతు. "స్టోర్ రూంల ప్రింటర్ ఎవరిదమ్మా?"

నేను చున్నీతో మొహం కప్పుకున్నాను. ఆయన "సరే," అని కూర్చున్నారు. నాలుగోసారి అడగలేదు. నాలుగోసారి అడిగింది ఓనరు గారు, మెల్లగా, దగ్గరికొచ్చి: "ఏమ్మా, నీకేమైనా తెలుసా?"

"తెలియదు సార్."

సాయంత్రానికి ఆయన్ను తీసేశారు. "ఆయనకు సంబంధించినవన్నీ తీసెయ్యమ్మా," అని ఓనరు గారు నాకు చెప్పారు. ఆయన పేరు, ఆయన లాప్‌టాప్, అన్నీ జాబితాలోంచి తీసేశాను. అయిదు నిమిషాల పని.

మర్నాడు పొద్దున తన సామాన్లు తీసుకోవడానికి వచ్చారు. నా ఎదురుగా తన పాత సీట్లో కూర్చుని, ఏవో ఫైళ్లు తీసుకోవడానికి కాబోలు, లాప్‌టాప్‌కు కేబుల్ గుచ్చారు. వరండా పేజీ వచ్చింది. ఆ పేజీ రాసింది ఆయనే. ఈ పరికరం మాకు తెలియదు, నెట్‌వర్క్ విభాగానికి ఫోన్ చేయండి. ఆయన దాన్ని పూర్తిగా చదివారు. బల్ల మీది ఫోనెత్తి నంబరు కొట్టారు. నాలుగడుగుల దూరంలో, నా బల్ల మీద ఫోన్ మోగింది.

అందరూ పనులాపి చూస్తున్నారు. ఆయన రిసీవర్ చెవికి పెట్టుకుని నన్నే చూస్తున్నారు. నేను నా కీబోర్డు వైపు చూస్తూ కూర్చున్నాను. ఫోన్ మోగి మోగి ఆగిపోయింది. టీ మిషన్ దగ్గర ఎవరో నవ్వారు.

ఆయన తన కేబుల్‌ను రెండు వేళ్లతో పట్టి లాగారు. చుట్ట చుట్టారు. చీటీ తీసి దాని మీద తన పేరు రాసి, అంటించి, వెనక గోడకున్న మేకుకు తగిలించి వెళ్లిపోయారు.

ఆ సీను మా స్టూడియో నుంచి పోలేదని నెల తర్వాత తేలింది. డబ్బింగ్ కోసం ఇంకోచోటికి పంపిన కాపీ లోంచి పోయిందట. ఆయన్ను మళ్లీ పిలవాలని ఎవరూ అనలేదు. "పోన్లే, పీడ వదిలింది," అన్నారు ఎడిటర్ గారు. ఆయన కుర్చీ నాకిచ్చారు. ఫోన్ దగ్గర ఉంచుకునే అనుమతి కూడా ఇచ్చారు, చిన్నపిల్లాడి తల్లినని.

ఆ కుర్చీలో కూర్చున్న మొదటి వారం టాబ్లెట్‌ను జాబితాలోంచి తీసేద్దామని తెరిచాను. ప్రతి మిషన్ ఎదురుగా చివరన గమనికలు రాసుకునే చిన్న గడి ఒకటి ఉంటుంది, నొక్కితేనే తెరుచుకుంటుంది. నేను దాన్ని ఖాళీగా వదిలాను. ఇప్పుడు అందులో ఏదో ఉంది. నేను ప్రింటర్ అని రాసిన రెండో రోజు తేదీ వేసి, ఆయన రాసుకున్నారు:

"చూసిన. ఏడ్వనీ."

థియేటర్ రోజుకు మూడు నెలల ముందే చూశారు. చూసి ఊరుకున్నారు. థియేటర్లో ఆ గడి తెరిచి చూపించి ఉంటే, ప్రింటర్‌ను పెట్టింది ఆయన కాదని తెలిసి నా అబద్ధం అక్కడే తేలిపోయేది. తెలిసీ ఊరుకున్నందుకు ఆయన ఉద్యోగమూ పోయేది, నాతో పాటు. అందుకే చూపించలేదో, మూడుసార్లు అడిగి నాకు వదిలేశారో నాకు తెలియదు. జాలిపడితే కూడా తిట్టినట్టే రాసే మనిషి. ఆ రెండు మాటలు చెరిపేశాను. తర్వాత ఆ వరసంతా తీసేశాను. రెండేళ్లలో ఆయనకు ఒక్కసారి కూడా ఫోన్ చేయలేదు. నంబరు నా దగ్గరే ఉంది.

ఇప్పుడు ఆ టాబ్లెట్‌లో బాబు పాటలు చూస్తాడు. ఇందాక గ్రూపు మూసేసి ఇంటి వైఫై యాప్ తెరిచాను. రోజూ పడుకునే ముందు చూడటం అలవాటు, తెలియనిది ఏదైనా చేరిందేమోనని. ఫోన్లు రెండు, టీవీ, కెమెరా. అయిదోది ప్రింటర్. అప్పట్లో ఎవరికీ అనుమానం రాకూడదని టాబ్లెట్‌కు కూడా ఆ పేరే పెట్టాను, మార్చలేదు. మా ఇంట్లో ప్రింటర్ లేదు. దాని ఎదురుగా యాప్ ఒక ప్రశ్న వేస్తుంది: ఈ పరికరం మీకు తెలుసా? కింద రెండు గడులుంటాయి, తెలుసు, తెలియదు.

నేను ఏదీ నొక్కలేదు. ఇది మూడుసార్లతో ఆగదు. తెరిచిన ప్రతిసారీ అడుగుతుంది.